అంజి పేరు మీది రక్తం

దివిసీమ కొసన, సముద్రానికి కూతవేటు దూరంలో ఒక పల్లె. జూలై మొదటి వారం, పగలు పదకొండు దాటింది. ఇసుకలో పరిచిన పాత వల మీద ఎండుచేపలు తిరగేస్తోంది అన్నపూర్ణ. మొగుడు అంజి పోయి ఇంకా మూడు వారాలు కాలేదు. ఆమె ఎదురుగా ల్యాబ్ టెక్నీషియన్ ఉమాశంకర్ చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని అరగంటగా ఎండలో నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఆమె అనలేదు. అంటుందని ఆయనా అనుకోలేదు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఒక రోగి ఇల్లు వెతుక్కుంటూ రావడం ఆయనకిదే మొదలు.

"మళ్ళీ అదే అడుగుతారేంటండీ? చెప్పాగా. మీ ఆశా వర్కరు కోటమ్మ వచ్చింది, రక్తం తీసుకెళ్ళింది. మీరు చూశారు. మలేరియా లేదని కాగితం రాసిచ్చారు. ఇంకేం కావాలి మీకు?"

"అది కాదమ్మా. కోటమ్మ వచ్చినప్పుడు..."

"కాస్త పక్కకి జరగండి. చేపల మీద నీడ పడుతోంది."

"ఆఁ... జరిగాను. కోటమ్మ వచ్చినప్పుడు మీరు ఇంట్లో ఉన్నారా అని."

"నేనెక్కడుంటే ఏంటి? నేను ఇంట్లో ఉంటే ఆయన బతికేవాడా?"

"అలా అని కాదు..."

"మరెలా? చెప్పండి. పెద్దకర్మ నాడు పంచాయతీ వాళ్ళొచ్చారు. పేపరాయన వచ్చాడు. బోటు ఓనరు చిన్నబాబుగారు వచ్చి ఏడ్చి వెళ్ళాడు. మీ ఆసుపత్రి నుంచి ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు గుమ్మం తొక్కలేదు. ఇన్నాళ్ళకి మీరొచ్చి, నువ్వెక్కడున్నావ్, నువ్వెక్కడున్నావ్ అని నన్నే అడుగుతున్నారు."

"ముందే రావాల్సిందమ్మా. మొహం చెల్లలేదు."

"ఇవాళ చెల్లిందా?"

"ఇవాళా చెల్లలేదు. రేపు బందర్లో ఎంక్వైరీ ఉంది. అందుకొచ్చాను. మీ దగ్గర అబద్ధం ఎందుకు."

"ఓహో. అదా సంగతి."

"అదే."

"ఆ కవర్లో కాగితాలున్నాయి కదూ? నా చేత సంతకం పెట్టించుకుందామని."

"తెల్లకాగితం. ఒక్క మాట కోసం వచ్చాను. మీరు చెబితే రాసుకుంటాను. చెప్పకపోతే వెళ్ళిపోతాను."

"ఏం మాట?"

"ఆ రోజు కోటమ్మ గుచ్చింది అంజి వేలేనా అని."

"ఏంటీ?"

"గాజుపలక మీద పేరు అంజిది. నంబరు నాలుగు వందల పన్నెండు. దాని మీదున్న రక్తం ఆయనదేనా అని అడుగుతున్నాను."

"మీకేమన్నా మతి పోయిందా? ఆయన పేరు రాసి ఇంకొకళ్ళ రక్తం ఎవరు తీస్తారండీ? ఏం, మేం రక్తం అమ్ముకుంటున్నామా?"

"కోప్పడండి. కోప్పడాల్సిందే. కానీ ఒక్క నిమిషం వినండి."

"వింటున్నాగా. ఇదిగో, ఆ గోనె అంచు పట్టుకోండి. ఊరికే నిలబడే బదులు. అటు దక్షిణాన మబ్బు పట్టింది, ఇవన్నీ ఎత్తాలి."

"ఇలాగేనా?"

"కాస్త పైకి. నోరు తెరిచి పెట్టండి. గోనె నోరు. ఆఁ. ఇప్పుడు చెప్పండి."

"పోయిన నెల పదమూడో తారీకు తీశారు రక్తం. పద్నాలుగున నేను లేదని రాశాను. పదిహేను తెల్లారి బోటెళ్ళింది. పదహారున బందరు ఆసుపత్రిలో చేర్పించారు. అక్కడ వాళ్ళు చూస్తే రక్తం నిండా మలేరియా క్రిములు. వందకి పది కణాల్లో. అది మెదడుకెక్కే జాతి."

"తెలుసు. డాక్టరమ్మ చెప్పింది. నన్నే అంది, ఇన్నాళ్ళు ఏం చేశావమ్మా అని. ఇదిగో కాగితం అని మీ కాగితం చూపించా. ఆవిడ ఇక మాట్లాడలేదు."

"మూడు రోజుల్లో సున్నా నుంచి అంతవుతుందా అంటున్నారు. కాదు. అప్పటికే రెండు విడతలు జ్వరమొచ్చిన మనిషి. కొన్నయినా కనపడాలి. ఈ జాతి లోపలి నరాల్లో దాక్కుంటుంది, నిజమే. అయినా కొన్నయినా కనపడాలి."

"మరి మీకెందుకు కనపళ్ళేదు?"

"లేవు కాబట్టి."

"అదిగో!"

"జిల్లా ఆఫీసు వాళ్ళు కూడా ఆ స్లైడ్ తెప్పించుకుని చూశారమ్మా. ఇద్దరు చూశారు. వాళ్ళకీ ఒక్కటీ దొరకలేదు. అందుకని ఏమంటున్నారంటే, ఇది అంజి రక్తం కాదు, అంజి స్లైడ్ నీ చేతిలో పగిలిపోయుంటుంది, పగిలిందని చెప్పకుండా ఎవరిదో పెట్టి నంబరేసి లేదని రాసేశావ్ అంటున్నారు. మెమో ఇచ్చారు."

"చేశారా?"

"ఏంటి?"

"అలా చేశారా అని అడుగుతున్నా. నా మొహం చూసి చెప్పండి."

"లేదు."

"నాకెలా తెలుస్తుంది?"

"తెలీదు. మీకు నేనెవరో తెలీదు. మాది నందివాడ పక్కన. చేలో పని చేసుకోరా అంటే వినకుండా ఈ గాజుముక్కల వెనకాల పడ్డాను. ముప్ఫై ఏళ్ళు. మైక్రోస్కోపులో ఒకసారికి కనపడినంత మేర ఒక గడి అనుకోండి. వంద గళ్ళు చూశాక గానీ లేదు అని రాయకూడదు. నేను రెండొందలు చూస్తాను. నన్ను మిగతావాళ్ళు ఎగతాళి చేస్తారు, శంకరంగారు పెళ్ళిచూపులకెళ్ళారు, ఇంకో గంట దాకా రారు అని. చూడకుండా లేదని రాసింది ఒక్కటి కూడా లేదమ్మా. ఇంకో రెండేళ్ళలో రిటైర్మెంట్. పొలం లేదు, ఇల్లు కట్టలేదు. ఆ ఒక్క పేరే ఉంది నాకు. రేపు అదీ పోతుంది."

"ఉద్యోగం తీసేస్తారా?"

"తీసేస్తారో, సస్పెండ్ చేస్తారో. పెన్షన్ ఆపుతారో. అదంతా తర్వాత. నలుగురిలో, చూడకుండా రాసి మనిషిని చంపాడు అనేది ఉంటుంది కదా, అది పోదు."

"నాకూ మా ఆయన పోయాడండీ."

"అవునమ్మా."

"మీ పేరు గొడవ నాకు చెప్తున్నారు."

"అవును. తప్పే. కానీ ఇంకెవరికి చెప్పను? ఆ మాట చెప్పగలిగింది మీ ఇంట్లోవాళ్ళే."

"ఆ గోనె అలా వదిలేశారేంటి, పట్టుకోండి. నెత్తళ్ళన్నీ ఇసకలో పడుతున్నాయి. ఇవి సరిగ్గా ఎండకపోతే కొనేవాడుండడు. వేట ఆపిన రెండు నెలలూ ఇవే మాకు. ఇవి పట్టుకునే కదా ఆయన ఆ చింతూరు సంతలకి వెళ్ళింది. ఏటా వెళ్తాడు. ఆ అడవిలో దోమలుంటాయి మావా, దోమతెర పట్టుకెళ్ళు అంటే, వల కప్పుకునేవాడికి దోమతెరేంటే అని నవ్వాడు."

"వచ్చాక ఎన్నాళ్ళకి జ్వరం?"

"మూడో రోజు. ఒకరోజు వణుకు, ఒకరోజు బానే ఉంటాడు. బానే ఉన్న రోజు వల సర్దుకునేవాడు. చిన్నబాబుగారు వచ్చి చూసి, నాలుగు రోజులు నీళ్ళ మీద ఉండాలిరా, మలేరియా కాదని ఆసుపత్రి కాగితం తెస్తేనే ఎక్కించుకుంటా అన్నాడు. పోయినేడు వాళ్ళ బోటులో ఒకడికి మూర్ఛొచ్చి నీళ్ళలో పడబోయాడు, అందుకని. కాగితం లేకపోతే ఆ చోటు ఇంకొకడికి ఇచ్చేస్తాడు. అందుకే కోటమ్మని రమ్మన్నది."

"కిట్టు పెట్టి చూడమనలేదా?"

"అన్నానే! మా మరిదికి పోయినేడు అలాగే చూసింది, రెండు గీతలొస్తే ఉన్నట్టని, పావుగంటలో తేలిపోయింది. ఈసారి కిట్లయిపోయాయి అక్కా, గాజుపలకే అంది."

"ఉన్నా అదే వేలు, అదే రక్తం. ఒక్క గీతే వచ్చేది."

"ఏ వేలండీ? ఇందాకణ్ణుంచీ ఏ వేలు, ఏ వేలు అని..."

"ఆ స్లైడ్ మీదున్నది ఆడవాళ్ళ రక్తమమ్మా. వినపడిందా?"

"రక్తంలో ఆడా మగా ఏంటండీ?"

"ఉంటుంది. ఎర్ర కణాల్లో కాదు, తెల్ల కణాల్లో. తెల్ల కణం మధ్యలో నల్లటి ముద్ద ఉంటుంది. ఆడవాళ్ళదైతే వందలో రెండు మూడింటికి ఆ ముద్దకి చిన్న బొడిపె వేలాడుతుంది. డప్పు కొట్టే పుల్లలాగా. మగవాళ్ళకి ఉండదు. చదువుకునే రోజుల్లో చెప్పారు, మలేరియా చూసేవాడికి దానితో పనిలేదు కాబట్టి అందరూ మర్చిపోతారు. జిల్లా వాళ్ళు క్రిమి కోసమే చూశారు. నేను స్లైడ్ వాళ్ళకి పంపే ముందు మూడు రోజులు దాన్నే పట్టుకుని కూర్చున్నాను. ఒక్క క్రిమైనా కనపడితే బావుండును, నా తప్పేనని తేలిపోతుంది కదా అని. కనపళ్ళేదు. మూడో రోజు ఆ బొడిపె కనపడింది. ఇంకోటి. ఇంకోటి. ఏడు లెక్కపెట్టాను. సంతోషమేసిందమ్మా నాకు. మీ ఆయన పోయి వారమే అయ్యింది, నేను లేచి బయటికెళ్ళి టీ తాగొచ్చాను. తాగాక సిగ్గేసింది."

"అయితే ఆ మాటే వాళ్ళకి చెప్పండి. నా దగ్గరికెందుకు?"

"చెప్పినా ఉపయోగం లేదు. అంజిది కాదని మేమూ అంటున్నాం కదా, ఎవరో ఆడమనిషి స్లైడ్ నువ్వే పెట్టావ్ అంటారు. నా బల్ల మీద మారిందా, మీ ఇంట్లోనే మారిందా? అది మీ ఇంట్లోవాళ్ళు చెప్తేనే తేలుతుంది. కోటమ్మని అడుగుదామంటే వారం నుంచి ఫోన్ ఎత్తట్లేదు. ఇంటికెళితే పుట్టింటికెళ్ళిందన్నారు."

"కోటమ్మ తన వేలే గుచ్చుకుని ఉంటుంది! అంతే. ఎవరికి తెలుసు? ఆయన ఇంట్లో లేకపోతే ఖాళీగా వెళ్ళలేక..."

"ఆయన ఇంట్లో లేడా?"

"ఉండే ఉంటాడు. ఉన్నాడు. నాకేం తెలుసు, నేను నాగాయలంక బజారుకెళ్ళా, గంప పట్టుకుని. వచ్చేసరికి రెండయ్యింది. కోటమ్మ వచ్చెళ్ళింది, రక్తం తీసుకెళ్ళింది అని ఆయనే చెప్పాడు. నేనూ ఆశ్చర్యపోయా."

"ఎందుకు ఆశ్చర్యం?"

"ఏం లేదు. ఊరికే."

"చెప్పండమ్మా."

"ఆ రోజు పొద్దున్నే వలకి పసుపు చల్లారు. రెండు నెలల తర్వాత మొదటి వేట కదా. వల మీద పసుపు పడ్డాక, బోటు రేవు దాటే వరకూ వేటకెళ్ళే మగాడి ఒంట్లోంచి రక్తం చుక్క పడకూడదు. మా వాళ్ళు గడ్డం కూడా గీసుకోరు. ఎక్కడ గాటు పడుతుందోనని. ఆయన మరీ పట్టింపు. ఒకసారి పసుపు చల్లాక చేప ముల్లు గుచ్చుకుందని ఆ వారం వేటకే వెళ్ళలేదు. అలాంటి మనిషి వేలు ఎలా ఇచ్చాడా అని..."

"ఇవ్వలేదేమో. అప్పుడు ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?"

"వానొచ్చేస్తోంది. ఆ రెండో గోనె తీసుకోండి. త్వరగా."

"అన్నపూర్ణమ్మా."

"ముందు ఇవి ఎత్తనివ్వండి! తడిస్తే పురుగుపడతాయి. ఎవరున్నారు, ఎవరున్నారు... ఎవరుంటారు మా ఇంట్లో? ఆయన, నేను, పిల్ల. అంతేగా."

"పిల్ల అంటే..."

"సుమ. సుమలత. మొన్న టెన్త్ పాసయ్యింది."

నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి. అన్నపూర్ణ గోనె వదిలేసి ఇసుకలోనే కూర్చుంది. ఉమాశంకర్ మిగిలిన చేపలు తనే గోనెలోకి ఎత్తసాగాడు.

"ఆ సాయంత్రం రొయ్యలు ఒలవమన్నానండీ దాన్ని. ఉప్పు తగిలి వేలు మండుతోందమ్మా అంది. చేప ముల్లు గుచ్చుకుందేమో, పసుపు పెట్టుకోవే అన్నా. చూళ్ళేదు. ఏ వేలో కూడా చూళ్ళేదు. అదేనా?"

"అదే అయ్యుంటుందమ్మా."

"అయ్యో! అయ్యో మావా, ఎంత పని చేశావు. పిల్ల వేలు..."

"నీళ్ళు తాగండి. ఇదిగో, నా దగ్గరుంది సీసా."

"వద్దు. అందుకేనా అది మాట్లాడట్లేదు! నేను తండ్రి మీద బెంగనుకున్నానండీ. దానికి నాన్నంటే ప్రాణం. పదకొండో రోజు నుంచి అన్నం ముట్టట్లేదు. గోడవైపు తిరిగి పడుకుంటుంది. చెయ్యి కొంగులో దాచుకుంటుంది. ఎందుకే చెయ్యి అలా దాస్తావ్ అంటే, ఉలిక్కిపడుతుంది. ఆ పేపరు ఒక్కటి... ఆ పేపరొచ్చిన రోజు ఒక ముద్ద తింది."

"ఏ పేపరు?"

"మీ మీద రాశారే. ల్యాబ్ నిర్లక్ష్యానికి మత్స్యకారుడు బలి అని. అది ఎక్కడో సంపాదించి తెచ్చుకుంది. పదిసార్లు చదివింది. దిండు కింద పెట్టుకుంది. అమ్మా, ల్యాబ్‌లో సరిగ్గా చూడలేదంటమ్మా అంది. పెద్దకర్మ తర్వాత అది నోరు తెరిచి మాట్లాడింది ఆ ఒక్క మాటే. ఆ రోజు పెరుగేసి కలిపి పెడితే ఒక ముద్ద తింది. నేను మిమ్మల్ని తిట్టుకుంటూనే, ఆ పేపరాయన చల్లగుండాలనుకున్నా. రేపు మీరేం రాస్తారు?"

"జరిగింది రాయాలి."

"అంటే పిల్ల పేరు."

"పేరు లేకుండా వాళ్ళు ఒప్పుకోరమ్మా. ఎవరి రక్తం, ఎవరు చెప్పారు, సంతకం. రాశాక పేపరు వాళ్ళకీ తెలుస్తుంది."

"కూతురి రక్తం పెట్టి తండ్రిని పొట్టన పెట్టుకున్నారు అని రాస్తారు. అంతేనా?"

"రాయొచ్చు."

"నా పేరు రాయండి."

"అమ్మా..."

"నా వేలని రాయండి! నేనూ ఆడదాన్నే కదా, ఆ బొడిపె నాకూ ఉంటుంది కదా? అన్నపూర్ణ వేలిచ్చింది, కాగితం కోసం మొగుణ్ణి మోసం చేసింది అని రాయండి. సంతకం పెడతా. ఇటివ్వండి కాగితం. ఏమంటారో అననివ్వండి నన్ను."

"తన వేలని ఆ పిల్లకి తెలుసు కదమ్మా. నా కోసం అమ్మ నింద మోస్తోందని ఇంకా కుమిలిపోతుంది."

"మరేం చెయ్యమంటారు?"

"నాకూ తెలియట్లేదు."

"మీకెందుకు తెలుస్తుంది? మీకు మీ పేరు కావాలి. దొరికింది. తీసుకుని వెళ్ళండి."

"అలా అనకండమ్మా."

"ఏమనమంటారు మరి? దణ్ణం పెడతా, కాళ్ళు పట్టుకుంటా. మీకు పిల్లలున్నారా?"

"ఒక్కతే. గుడివాడలో ఇచ్చాం."

"మరి చెప్పండి. ఆ పిల్లైతే రాస్తారా?"

"లేవండి. లేవండమ్మా, ఇసకలో ఏంటి ఇది. లేవండి. ఎవరో వస్తున్నారు."

గుడిసెలోంచి ఒక పిల్ల వచ్చి తల్లి వెనక నిలబడింది. పదహారేళ్ళుంటాయి. ఎండిపోయిన మొహం, కొంగులో దాచిన ఎడమచెయ్యి. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో వాళ్ళిద్దరికీ తెలియదు.

"లోపలికి పోవే. వానొస్తోంది."

"రావట్లేదమ్మా. ఆగిపోయింది. ఈయన ల్యాబ్ సారేనా?"

"కాదు. పంచాయతీ ఆఫీసు."

"పేపర్లో ఫొటో చూశా. మీరే కదా సార్?"

"నేనేనమ్మా."

"నాన్న స్లైడ్ చూసింది మీరే కదా?"

"అవును."

"అందులో ఏమీ లేదా, లేకపోతే ఉన్నా మీకు కనపళ్ళేదా?"

"సుమా, సారు వెళ్ళిపోతున్నారు. పోనివ్వు."

"ఉండమ్మా. నన్ను చెప్పనీ. ఇంకెవరికి చెప్పను? సార్, అది నాన్న వేలు కాదు. నాది. కోటమ్మ పిన్ని వచ్చింది. నాన్న ఇవ్వనన్నాడు. పసుపు చల్లాం, ఇవాళ కుదరదు అన్నాడు. మరి కాగితం ఎలా బావా అంది పిన్ని. నేను గుమ్మంలో కూర్చుని జడేసుకుంటున్నా. నాన్నే వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. దీనిది తీసుకో, ఎవరిదైతే ఏంటి, ఎర్రగానే ఉంటుందిగా అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వా. పిన్ని, వద్దు బావా అంటూనే తీసింది. నొప్పేసిందా బంగారం అని వేలు ఊదాడు."

"సుమా, ఇక చాలే..."

"వద్దనలేదమ్మా నేను! నాన్నా, నీకు జ్వరం కదా, నీదే ఇవ్వు అని ఒక్క మాట అనలేదు. బయాలజీలో చదివాను, నాకు తెలుసు. తెలిసీ నవ్వాను. సార్, నాది కాబట్టే మీకేం కనపళ్ళేదు కదా? నాన్నది ఇచ్చి ఉంటే కనపడేది కదా? మందులేసుకునేవాడు కదా? చెప్పండి సార్. నిజం చెప్పండి. అమ్మలా చెప్పకండి."

"నీ పేరు సుమలతేనా?"

"అవును సార్."

"మీ ఇంటి నుంచి నాకు రెండు స్లైడ్లు వచ్చాయమ్మా."

"రెండా?"

"రెండు. నాలుగు వందల పన్నెండు, పదమూడు. పదమూడు నీది. సుమలత, పదహారేళ్ళు అని నీ పేరే ఉంది."

"కానీ పిన్ని నాన్న పేరు రాస్తానంది..."

"మీ నాన్న ముందు అలా అంది. బయటికెళ్ళాక భయపడింది. ఆవిడకీ ఉద్యోగమే కదా. రేవు దగ్గర మళ్ళీ మీ నాన్నని పట్టుకుని బతిమాలింది."

"నాన్న ఇవ్వడు సార్. పసుపు పడ్డాక ఇవ్వడు."

"నీ వేలు గుచ్చాక ఆయనకీ మనసు మనసులో లేదట. వేలు వద్దు, వల పట్టే చెయ్యి, చెవి తమ్మె గుచ్చు అన్నాడట. చెవి దగ్గర తీసింది."

"చెవి దగ్గరా?"

"చెవి దగ్గర. అలా కూడా తీస్తారు. ఆ స్లైడ్ నా దగ్గరకొచ్చింది. రంగు వేసి కడుగుతుంటే చెయ్యి జారి సింకులో పడింది. మూడు ముక్కలైంది."

"సారూ! మీరేం మాట్లాడుతున్నారు..."

"మీరుండండి అన్నపూర్ణమ్మా. నన్ను చెప్పనివ్వండి. పగిలిందని చెబితే మళ్ళీ రక్తం తెప్పించాలి. మర్నాడు బోటెళ్ళిపోతుంది, అందరూ నన్ను తిడతారు. ఒకే ఇంటివాళ్ళు కదా, పిల్లకి లేదు, తండ్రికీ ఉండదులే అనుకున్నాను. నీ స్లైడ్ మీదే ఆయన నంబరు అంటించి పెట్టి, లేదని రాసేశాను."

"చూడకుండానే?"

"చూడకుండానే."

"నేను ఇచ్చినదానికీ దీనికీ..."

"ఏం సంబంధం లేదమ్మా. నువ్వు ఇచ్చినా, ఇవ్వకపోయినా మీ నాన్న రక్తం నా బల్ల మీదకొచ్చింది. అందులో ఉండే ఉంటుంది. నేనే చూడలేదు."

"పేపర్లో రాసింది నిజమేనా అయితే?"

"ప్రతి అక్షరం నిజమే."

"మరి అమ్మ మీకు దణ్ణం పెట్టిందెందుకు?"

"నాకు సంతకం కావాలని అడిగాను. తప్పించుకుందామని. మీ అమ్మ పెట్టనంది, వెళ్ళిపొమ్మని దణ్ణం పెట్టింది."

"అమ్మా, నిజమేనా?"

"..."

"అమ్మా!"

"నిజమేనే తల్లీ. నిజమే."

"అయితే సార్... అయితే మా నాన్నని చంపింది మీరేనా?"

"అవునమ్మా, నేనే. రేపు బందరు వెళ్ళి ఆ మాటే రాసిచ్చి వస్తాను. నువ్వెళ్ళి అన్నం తిను."